బాకీ తేలకముందే గడప దాటిన కెనడా

మిత్రులారా,

ఫలానా దేశం వాతావరణ ఒప్పందంలోంచి తప్పుకుందన్న వార్త రాగానే మన చర్చంతా ఎవరు ప్రకటించారు, ఎవరు తిట్టారు అన్నదాని చుట్టూ తిరుగుతుంది. ఈ పూట ఇంకోవైపు నుంచి చూద్దాం. ఆ దేశం పడ్డ బాకీ ఎంత? లెక్క తేలాల్సిన రోజు ఏది? అది గడప దాటిన రోజు ఏది? ఈ మూడూ టన్నుల్లో, తారీఖుల్లో కచ్చితంగా తెలిసిన ఉదాహరణ, సంపన్న దేశాలు భూమిని వేడెక్కించే వాయువుల్ని తగ్గించాలన్న క్యోటో ప్రోటోకాల్ ఒప్పందం నుంచి కెనడా నిష్క్రమణ. క్యోటోను ఆమోదించి, తర్వాత అందులోంచి వెళ్లిపోయిన దేశం అదొక్కటే.

ముందు ఖాతా ఎలా తెరిచారో చూద్దాం. క్యోటోలో సంపన్న దేశాల మొదటి గడువు 2008 నుంచి 2012 దాకా, ఐదేళ్లు. 1990 నాటి కన్నా 6 శాతం తగ్గిస్తానని కెనడా మాటిచ్చింది. ఆరు రకాల వాయువుల్ని కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చారు. అప్పటి కొలతలో టన్ను మీథేన్ 21 టన్నుల కిందా, టన్ను నైట్రస్ ఆక్సైడ్ 310 టన్నుల కిందా లెక్క. అలా కూడితే కెనడా 1990 ఉద్గారాలు 59,39,98,462 టన్నులని తేలింది. అందులో 94 శాతం తీసి ఐదుతో హెచ్చవేయండి: 2,79,17,92,771 టన్నులు. ఐదేళ్లకు కెనడా కోటా ఇది. టన్నుకొక యూనిట్, యూనిట్‌కొక వరస సంఖ్య. బ్యాంకు ఖాతాలో డబ్బులాగా ఇవన్నీ ఆ దేశం రిజిస్ట్రీలో ఉంటాయి. గడువు ముగిశాక, గాలిలోకి వదిలిన ప్రతి టన్నుకీ ఒక యూనిట్ తీసి రద్దు చెయ్యాలి. చాలకపోతే బయట కొనుక్కోవాలి.

మరి కెనడా వదిలింది ఎంత? ఏటా 70 కోట్ల టన్నులకు కాస్త అటూ ఇటూ. ఐదేళ్లకు 350 కోట్లు వేసుకోండి. కోటా 279 కోట్లు పోగా లోటు 71 కోట్ల టన్నులు. అంటే ఏడాదికి పైగా దేశం మొత్తం వదిలే వాయువంత బాకీ.

ఈ బాకీ ఒక్క ఏడాదిలో పెరిగింది కాదు. 1998 ఏప్రిల్ 29న సంతకం, 2002 డిసెంబర్ 17న ఆమోదం. ఆ మధ్యా, ఆ తర్వాతా అల్బర్టా రాష్ట్రంలో తారు ఇసుక నుంచి చమురు తీసే పని జోరందుకుంది. ఆ చమురు మామూలు బావిలో చమురులా పైకి ఉబికి రాదు. ఇసుకకి పట్టుకుని బెల్లం పాకంలా చిక్కగా ఉంటుంది. పైపైన ఉన్నదాన్ని తవ్వి వేడినీళ్లతో కడుగుతారు. లోతున ఉన్నదానికి గొట్టాల్లో ఆవిరి పంపి కరిగించి లాగుతారు. ఆ ఆవిరికోసం సహజవాయువు మండాలి. ఆ చమురు ఎక్కడో కారులో కాలకముందే, తీసేచోటే ఇంత వాయువు వెలువడుతుంది. 1990తో పోలిస్తే ఈ ఒక్క రంగం ఉద్గారాలు మూడు రెట్లు దాటాయి. పైగా కెనడాలో భూగర్భ వనరుల మీద హక్కు రాష్ట్రాలది. ఒప్పందం మీద సంతకం రాజధాని ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వానిది, బావి అల్బర్టాది. మాటిచ్చిన చేతికీ, పని చెయ్యాల్సిన చేతికీ మధ్య ఈ దూరం ఉన్నచోట ఏ ఒప్పందమైనా జారుతుంది. నా దృష్టిలో అసలు కారణం ఇదే, మిగతావి దీని తర్వాతే. అమెరికా క్యోటోను ఆమోదించనేలేదు కదా, పక్కింటివాడికి లేని భారం మాకెందుకన్న వాదన కూడా బలంగానే నడిచింది.

ఇక జరిమానా సంగతి. 2001లో మరాకెష్‌లో కుదిరిన నియమాల ప్రకారం, లోటుపడ్డ ప్రతి టన్నుకీ 1.3 టన్నుల చొప్పున తర్వాతి విడత కోటాలోంచి కోత పడుతుంది. కెనడా 71 కోట్లు అలా 92 కోట్లవుతాయి. వినడానికి గట్టిగానే ఉంది. కానీ తర్వాతి విడత కోటా ఎంతన్నది ఆ దేశం ఒప్పుకుంటేనే తేలేది. వచ్చే పంటలో వడ్డీతో సహా కొలుస్తానన్న రైతు వచ్చే ఏడు పొలమే దున్నకపోతే ఏం కొలుస్తాడు? ఇంకో లొసుగూ ఉంది. దేశాన్ని కట్టిపడేసే శిక్ష విధించాలంటే ప్రోటోకాల్‌కి సవరణ చెయ్యాలని 18వ అధికరణ చెబుతుంది. ఆ సవరణ ఎప్పుడూ జరగలేదు.

ఇప్పుడు తారీఖులు చూడండి. 27వ అధికరణ ప్రకారం ప్రోటోకాల్ అమల్లోకొచ్చి మూడేళ్లు నిండాక ఏ దేశమైనా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి నోటీసు ఇవ్వొచ్చు. అది అందిన ఏడాదికి నిష్క్రమణ ఖాయమవుతుంది. అమల్లోకొచ్చింది 2005 ఫిబ్రవరి 16న కాబట్టి 2008 ఫిబ్రవరి నుంచే తలుపు తెరిచి ఉంది. డర్బన్‌లో వాతావరణ సదస్సు 2011 డిసెంబర్ 11న ముగిసింది. మర్నాడే పర్యావరణ మంత్రి పీటర్ కెంట్ ఒట్టావాలో తప్పుకుంటున్నామని ప్రకటించారు. నోటీసు చేరింది డిసెంబర్ 15న, అమలైంది 2012 డిసెంబర్ 15న. ఐదేళ్ల గడువు ముగియడానికి ఇంకా 16 రోజులుంది. యూనిట్లు కొనుక్కుని లోటు పూడ్చుకోవడానికి దేశాలకిచ్చిన అదనపు సమయం 2015 నవంబర్ దాకా నడిచింది. అంటే ఖాతా ముయ్యడానికి దాదాపు మూడేళ్ల ముందే ఖాతాదారు వెళ్లిపోయాడు.

వెళ్లిపోతే పాత బాకీ మాఫీ అవుతుందా? ఒప్పందాల మీద వియన్నా కన్వెన్షన్ 70వ అధికరణ ప్రకారం, నిష్క్రమణకు ముందే పుట్టిన బాధ్యతలు పోవు. ఇక్కడే చిక్కు. క్యోటో బాధ్యత రోజువారీదో ఏడాదివారీదో కాదు, ఐదేళ్ల మొత్తం మీదిది. ఐదేళ్లూ నిండకుండా ఉల్లంఘన జరిగిందని నిరూపించలేం. ఏటికేడు వాయిదాలు పెట్టి ఉంటే 2008, 2009, 2010, 2011 బాకీలు కెనడా మెడకు చుట్టుకునేవి. వాన, చలి, ఆర్థిక మాంద్యం వల్ల వచ్చే హెచ్చుతగ్గులు సర్దుకోవాలని మంచి ఉద్దేశంతోనే ఐదేళ్లు పెట్టారు. ఆ సౌలభ్యమే కెనడాకు దారి చూపింది.

దేశం లోపల న్యాయపోరాటమూ జరిగింది. క్యోటో అమలుకోసం 2007లో పార్లమెంటు చేసిన చట్టం ఉండగా ప్రభుత్వం తనంతట తాను ఎలా తప్పుకుంటుందని మాంట్రియల్ న్యాయశాస్త్ర ఆచార్యుడు డానియల్ తుర్ప్ ఫెడరల్ కోర్టుకెళ్లారు. ఒప్పందాలు చేసుకోవడమూ, వదులుకోవడమూ కార్యనిర్వాహక వర్గం అధికారమేనంటూ 2012 జులైలో కోర్టు కొట్టేసింది. ఆ చట్టాన్ని అప్పటికే బడ్జెట్ బిల్లులో కలిపి రద్దు చేసేశారు.

కెంట్ చెప్పిన ఒక అంకె దగ్గర కాసేపు ఆగుదాం. క్యోటోలో ఉంటే 1,400 కోట్ల డాలర్లు బయటికి పోతాయన్నారు, కుటుంబానికి 1,600 డాలర్లు. 70 కోట్ల టన్నులతో భాగించి చూడండి, టన్ను 20 డాలర్ల చొప్పున పడుతుంది. వర్ధమాన దేశాల్లో వాయువులు తగ్గించే ప్రాజెక్టులకి టన్నుకొకటి చొప్పున క్యోటో పథకం కింద ఇచ్చే కార్బన్ క్రెడిట్ సీఈఆర్. లోటుపడ్డ దేశాలు దాన్ని కొనుక్కోవచ్చు. అదే నెలలో మార్కెట్లో దాని ధర ఐదు యూరోల చుట్టుపక్కలే ఉంది. ఇంత పెద్ద కొనుగోలుదారు దిగితే ధర పెరిగేదన్నది నిజమే. అయినా మంత్రిగారి అంకెకి, బజారు ధరకి అంత ఎడం ఉన్నప్పుడు, డబ్బు లేక వెళ్లారనడం నాకు మింగుడుపడదు.

ఆ క్రెడిట్లు అమ్మేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఊక, సర్కారు తుమ్మ కట్టెలు మండించి కరెంటు తీసే చిన్న ప్లాంట్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలానే ఈ పథకంలో నమోదయ్యాయి. ఒక లెక్క వేద్దాం. 6 మెగావాట్ల ప్లాంటు ఏడాదికి 4 కోట్ల యూనిట్ల కరెంటు గ్రిడ్‌కిస్తే, యూనిట్‌కి 0.8 కిలోల బొగ్గుపొగ తప్పిందనుకుంటే, 32,000 క్రెడిట్లు. టన్ను 20 యూరోలున్నప్పుడు అది 6.4 లక్షల యూరోలు. 2012 చివరికి ధర యూరో లోపుకి పడిపోయింది. అర యూరో చొప్పున వచ్చేది 16,000 యూరోలు. ఏటా వచ్చి మీటర్లు, ఊక తూకం చీటీలు తనిఖీ చేసే ఆడిటర్ రుసుముకే అది చాలదు. ధర కూలడానికి ప్రధాన కారణం యూరప్ మాంద్యం, అక్కడి నియమాల మార్పు. కానీ 71 కోట్ల టన్నులు కొనాల్సినవాడు కొనకుండా వెళ్లిపోవడం కూడా ఆ బరువులో భాగమే.

ఈ అనుభవంతో 2015లో పారిస్ ఒప్పందం రాసినవాళ్లు జరిమానా జోలికే పోలేదు. లక్ష్యం ఎవరిది వాళ్లే పెట్టుకుంటారు. పారిపోవడానికి కారణమే లేకుండా చేద్దామనుకున్నారు. అయినా అమెరికా రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి 2017 జూన్‌లో ప్రకటించినా, పారిస్‌లోనూ ఉన్న మూడేళ్ల నియమం వల్ల నోటీసు 2019 నవంబర్ 4 దాకా ఇవ్వలేక, 2020 నవంబర్ 4న గానీ బయటపడలేదు. 2021 ఫిబ్రవరి 19న తిరిగొచ్చింది, దానికి 30 రోజులే పట్టింది. రెండోసారి ఆ మూడేళ్ల అడ్డు లేదు. 2025 జనవరి 27న నోటీసు చేరింది, ఏడాది తిరిగేసరికి బయట.

కెనడాకీ, ఇప్పటి అమెరికాకీ ఒక పెద్ద తేడా ఉంది. కెనడా క్యోటోని వదిలినా దాని తల్లి ఒప్పందమైన 1992 నాటి వాతావరణ మార్పుల కన్వెన్షన్‌ని వదల్లేదు. అందుకే ఏటా ఏప్రిల్ 15 నాటికి సిమెంటు బట్టీ నుంచి పశువుల పేడ దాకా రంగాలవారీ ఉద్గారాల పట్టిక పంపుతూనే ఉంది. ఇతర దేశాల నిపుణులు దాన్ని తనిఖీ చేస్తూనే ఉన్నారు. ఇందాక 71 కోట్ల లోటు అని నేను చెప్పగలిగానంటే ఆ పట్టికల వల్లే. 2025 ఏప్రిల్ 15కి అమెరికా తన పట్టిక పంపలేదు. 2026 జనవరి 7న వైట్ హౌస్ ఇచ్చిన ఆదేశంలో, వదిలెయ్యాల్సిన సంస్థల జాబితాలో ఈ కన్వెన్షన్ పేరు కూడా చేరింది. 25వ అధికరణ ప్రకారం నోటీసు అందిన ఏడాదికి అది అమలవుతుంది. ఆపైన వచ్చే ఏప్రిల్ 15 నుంచి, ఆ పట్టిక ఏదని అమెరికాని అడిగే హక్కు ఆ ఒప్పందం కింద ఏ దేశానికీ ఉండదు.