ట్యాంకులో బిగించే ముందే: హీలియం-3 ట్యూబుల పరీక్ష

అందరికీ నమస్కారం.

న్యూట్రాన్లను పట్టే, హీలియం-3 గ్యాసు నింపిన ఈ డిటెక్టరు ట్యూబులను వాక్యూమ్ ట్యాంకులో బిగించాక ఒక్క కనెక్టరు వదులైనా ట్యాంకు మళ్లీ తెరవాల్సిందే. అందుకే లోపాలన్నీ బల్ల మీదే దొరకాలి.

కౌంట్లు వస్తున్నంత మాత్రాన డిటెక్టరు బాగున్నట్టు కాదు. ముందు పల్స్ హైట్ స్పెక్ట్రమ్, అంటే ఏ ఎత్తు పల్సులు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫు చూడండి. న్యూట్రాన్లనిచ్చే అమెరీషియం-బెరీలియం సోర్సు చుట్టూ పాలిథీన్ దిమ్మెలు పేర్చి న్యూట్రాన్ల వేగం తగ్గించాలి. హీలియం-3 న్యూట్రాన్‌ను పట్టుకోగానే 573 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తితో ప్రోటాను, 191 కేఈవీతో ట్రైటాను (ట్రిటియం కేంద్రకం) ఎదురెదురు దిక్కులకు పోతాయి. రెండూ గ్యాసులోనే ఆగితే 764 దగ్గర శిఖరం వస్తుంది. ఒకటి గోడకు తగిలితే 573 దగ్గర, 191 దగ్గర మెట్లు కనిపిస్తాయి. 191కి కింద ఉండే లోయలోనే త్రెషోల్డు, అంటే అంతకంటే చిన్న పల్సులను లెక్కించని హద్దు పెట్టాలి. శిఖరం వెడల్పై కిందికి జారిందా? లోపలికి గాలి చేరిందేమో చూడండి, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను మింగేస్తుంది.

తర్వాత గామా కిరణాలిచ్చే సీజియం-137 సోర్సు పెట్టి గామా పల్సులు త్రెషోల్డు దాటుతున్నాయేమో చూడాలి. కౌంట్లు పెరుగుతున్నాయి కదా అని ట్యూబుకిచ్చే హైవోల్టేజి పెంచుకుంటూ పోతే పెరిగేది గామాలే కావచ్చు.

సోర్సులన్నీ తీసేసి రాత్రంతా బ్యాక్‌గ్రౌండ్ తీయండి. మొత్తం కౌంటు ఒక్కటే చూస్తే చాలదు, పల్సుల మధ్య వ్యవధి గీసి చూడాలి. నిజమైన న్యూట్రాన్లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. 20 మిల్లీసెకన్లకోసారి వస్తుంటే 50 హెర్ట్జ్ కరెంటు లైను దూరిందన్నమాట. పంపు నడిచినప్పుడే గుంపులుగా వస్తే ట్యూబు లోపలి తీగ అదురుతోందన్నమాట. తేమ రోజుల్లో మాత్రమే వస్తే హైవోల్టేజి కనెక్టరు ఇన్సులేటరును ఆల్కహాలుతో తుడిచి ఆరబెట్టండి.

పొజిషన్ పరీక్ష మీద నాకు పట్టింపు ఎక్కువ. తీగ రెండు కొసలకు చేరిన చార్జి నిష్పత్తే న్యూట్రాన్ ఎక్కడ పడిందో చెబుతుంది. ట్యూబు ముందు న్యూట్రాన్లను అడ్డుకునే 1 మిల్లీమీటరు కాడ్మియం రేకు పెట్టి, అందులో సన్నని చీలికలు కోస్తాం. చీలికల మధ్య దూరాలు సమానంగా ఉండకూడదు. సమానంగా ఉంటే రెండు కొసల కేబుళ్లు తారుమారైనా బొమ్మ అచ్చం అలాగే వస్తుంది, ఎవరూ కనిపెట్టలేరు. ఒక్కో ట్యూబు స్పెక్ట్రాన్ని దాని నంబరు, వోల్టేజితో సహా భద్రపరచండి.

చివరగా ఒక హెచ్చరిక. ట్యాంకులో గాలి తీసేటప్పుడు హైవోల్టేజి ఆపే ఉంచాలి. మామూలు పీడనంలో తట్టుకున్న కనెక్టరే కొన్ని మిల్లీబార్ల దగ్గర నిప్పురవ్వలు కొడుతుంది. ప్రెషర్ గేజికి ఇంటర్‌లాక్ (వోల్టేజిని దానంతటదే ఆపే ఏర్పాటు) పెట్టి, ట్యూబులు కలపకముందే అది నిజంగా వోల్టేజి కట్ చేస్తోందో లేదో ఒకసారి పనిచేయించి చూడండి.