జబ్బు ఎవరిలో ఉంది? కౌన్సెలింగ్ గదిలో జాతి వివక్ష

[తెర మీద: పాత వైద్య పత్రిక పుట. కెమెరా మెల్లగా 1851 అనే అంకె దగ్గరకు వెళ్తుంది.]

1851. అమెరికాలోని లూసియానా రాష్ట్రం. శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు ఒక కొత్త మానసిక వ్యాధిని కనిపెట్టానని ప్రకటించాడు. దాని పేరు డ్రాపెటోమేనియా. బానిస తన యజమాని దగ్గర నుంచి పారిపోవడమే ఆ వ్యాధి లక్షణం. నివారణ కూడా ఆయనే రాశాడు: ఆ ధోరణి కనిపిస్తే కొరడాతో కొట్టాలని. ఈ వ్యాసం అచ్చయింది వైద్య పత్రికలోనే.

మనిషిని సంతలో పెట్టి అమ్మారు. ఆలుబిడ్డల నుంచి విడదీశారు. పత్తి చేలలో పొద్దుగూకే దాకా పని చేయించారు. అతను పారిపోవాలనుకున్నాడు. వైద్యుడికి జబ్బు ఆ పారిపోయేవాడిలోనే కనిపించింది.

నమస్కారం. మానసిక చికిత్సలో సామాజిక న్యాయం గురించి ఎత్తగానే, అది రాజకీయం, వైద్యానికి దానితో పనేముంది అనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. న్యాయం కొరవడిన చోట రోగ నిర్ధారణే తప్పుతుంది. ఎలాగో చూద్దాం.

[తెర మీద: చేతిరాతతో ఉన్న జనాభా లెక్కల పట్టిక]

కార్ట్‌రైట్‌కు ముందే, 1840 జనాభా లెక్కల్లో అమెరికా ప్రభుత్వం మతిస్థిమితం లేనివారిని కూడా లెక్కించింది. బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాల్లోని నల్లజాతివారిలో వారి సంఖ్య దక్షిణాది కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. మసాచుసెట్స్ వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్‌కు అనుమానం వచ్చి ఊరూరి లెక్కలు విప్పి చూశాడు. వుస్టర్ పట్టణంలోని ఆసుపత్రిలో ఉన్న 133 మంది తెల్లజాతి రోగులను నల్లజాతివారి గడిలో రాసేశారు. కొన్ని ఊళ్లలోనైతే అసలు నల్లజాతివారే లేరు, మతిస్థిమితం లేని నల్లజాతివారు మాత్రం లెక్కల్లో ఉన్నారు! నల్లజాతి వైద్యుడు జేమ్స్ మెక్యూన్ స్మిత్ కూడా ఈ తప్పులను ఎండగట్టాడు. అయినా 1844లో విదేశాంగ మంత్రి జాన్ కాల్హూన్ అవే అంకెలు చూపి, బానిసత్వం నల్లజాతివారికి మేలు చేస్తోందని బ్రిటన్ రాయబారికి ఉత్తరం రాశాడు.

అదంతా ఎప్పటి మాటో అనుకోకండి. 1968లో, పౌరహక్కుల ఉద్యమం వీధుల్లో ఉన్న కాలంలో, ఇద్దరు మానసిక వైద్యులు నల్లజాతి పురుషుల నిరసననే ఒక మతిభ్రమణగా వర్ణిస్తూ వ్యాసం రాశారు. 1974లో హాల్డాల్ అనే మతిభ్రమణ మందు ప్రకటన వైద్య పత్రికలో వచ్చింది. అందులో రోగిగా చూపించింది వీధిలో పిడికిలి బిగించి నిలబడ్డ నల్లజాతి మనిషిని. ఆ పిడికిలి నల్లజాతి ఉద్యమానికి గుర్తని చూసిన ప్రతివారికీ తెలుసు.

[తెర మీద: రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద నోటు పుస్తకం]

ఇప్పుడు గదిలోకి వద్దాం. 2019లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. తీవ్రమైన కుంగుబాటు లక్షణాలున్న నల్లజాతి రోగులకు స్కిజోఫ్రెనియా (లేనివి ఉన్నట్టు అనిపించే, అకారణ అనుమానాలు కలిగే తీవ్ర మానసిక వ్యాధి) అని పొరపాటుగా రాసే ప్రమాదం తెల్లజాతి రోగులతో పోలిస్తే ఎక్కువని తేలింది. ఇది ఎలా జరుగుతుందో ఊహించుకోండి. పోలీసులు కారణం లేకుండా పదేపదే ఆపి సోదా చేసిన యువకుడు వచ్చి కూర్చున్నాడు. "నన్ను ఎప్పుడూ ఎవరో గమనిస్తున్నట్టే ఉంటుంది" అన్నాడు. కౌన్సెలర్ నోటు పుస్తకంలో 'అకారణ అనుమానం' అని రాసుకున్నాడు. అతని వీధిలో ఏం జరుగుతోందని అడగలేదు. అడిగి ఉంటే, ఆ అనుమానం అకారణం కాదని ఒక్క నిమిషంలో తెలిసేది. రాసిన ఆ ఒక్క మాట మాత్రం రోగి వెంటే నడుస్తుంది: వేరే మందులు, వేరే వార్డు, ఉద్యోగంలో వేరే చూపు. లోపల ఉన్న కుంగుబాటుకు చికిత్సే అందదు.

అసలు ఆ గది దాకా రాగలిగితే కదా ఇదంతా. హెదర్ కుగెల్‌మాస్ అనే పరిశోధకురాలు న్యూయార్క్ నగరంలోని 320 మంది థెరపిస్టులకు, రోగులే పంపినట్టుగా ఫోను సందేశాలు పంపించారు. అందరిదీ ఒకే మాట: కుంగుబాటుగా ఉంది, వారంలో ఏదో ఒక సాయంత్రం సమయం ఇవ్వండి. పేరు, మాటతీరు మాత్రం మార్చారు, జాతి, ఆర్థిక స్థాయి తెలిసిపోయేలా. 2016లో వచ్చిన ఫలితాల్లో మధ్యతరగతి తెల్లజాతివారికి 28 శాతం మంది అపాయింట్‌మెంట్ ఇస్తామన్నారు. అదే మధ్యతరగతి నల్లజాతివారికి 17 శాతం. కార్మిక వర్గానికి, ఏ జాతివారైనా, 8 శాతమే. అడిగిన సాయంత్రం సమయమే కావాలంటే, మధ్యతరగతి తెల్లజాతి మహిళ ఐదుగురికి ఫోను చేస్తే సరిపోతుంది. కార్మిక వర్గానికి చెందిన నల్లజాతి పురుషుడు 80 మందికి చేయాలి.

కుంగుబాటులో ఉన్న మనిషి మొదటి ఫోను చేయడానికే ఎంత బలం కూడగట్టుకోవాలి! 80 ఎవరు చేస్తారు?

[తెర మీద: 1968, 1992, 2015 సంవత్సరాలు ఒకదాని తర్వాత ఒకటి]

మార్పు ఊరికే రాలేదు. 1968లో నల్లజాతి సైకాలజిస్టులు సొంత సంఘం పెట్టుకున్నారు. 1992లో సైకాలజిస్టు డెరాల్డ్ వింగ్ సూ, ఆయన సహచరులు కౌన్సెలర్‌కు ఉండవలసిన బహుళ సంస్కృతి నైపుణ్యాలను, అంటే వేర్వేరు సంస్కృతుల వారితో పనిచేసే నేర్పును, రాశారు. 2015లో వాటికి సామాజిక న్యాయాన్నీ జోడించారు. అంటే బడిలో వివక్ష వల్ల పిల్లవాడు కుంగిపోతుంటే, వాడికి ఓపిక నేర్పి పంపితే చాలదు, ఆ బడితోనూ మాట్లాడాలి. 2021లో అమెరికా మానసిక వైద్యుల సంఘం, సైకాలజిస్టుల సంఘం రెండూ తమ గతానికి క్షమాపణ చెప్పాయి.

నాకు వీటన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఒక చిన్న ప్రశ్న. 2013లో అమెరికా మానసిక వైద్యులు రోగి సంస్కృతిని తెలుసుకోవడానికి 16 ప్రశ్నలు రూపొందించారు. చివరిది ఇంచుమించు ఇలా ఉంటుంది: వేర్వేరు నేపథ్యాల వల్ల వైద్యులు, రోగులు ఒకరినొకరు అపార్థం చేసుకోవచ్చు, మీకు అలాంటి దిగులు ఉందా? అలా అడిగిన కౌన్సెలర్ తాను పొరబడవచ్చని ముందే ఒప్పుకుంటున్నాడు. ఆ తర్వాత రోగి నోరు విప్పుతాడు.

అమెరికాలో ఉన్న మన తెలుగువారికీ ఇది పనికొచ్చే విషయమే. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండటానికి సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. నిద్ర పట్టడం లేదని వచ్చిన మనిషిని వీసా సంగతి అడగకుండా ఊపిరి వ్యాయామం నేర్పి పంపితే, ఆ కౌన్సెలర్‌కు సగం కథ కూడా తెలియనట్టే.

ఇక మన ఇంటి సంగతి. ఇక్కడ కౌన్సెలర్ ఇంటిపేరు, ఊరు అడిగితే దళిత విద్యార్థి గుండె ఒక్క క్షణం ఆగుతుంది. కులం పేరుతో హాస్టల్లో జరిగిన అవమానం చెబితే "నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అంటారేమోనన్న భయం. ఆ మాట అంటే కార్ట్‌రైట్ చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సామాజిక స్థాయిని బట్టి ఎవరికీ మానసిక వ్యాధి ఉందని నిర్ధారించకూడదని 3వ సెక్షన్‌లో చెప్పింది. చికిత్సలో కుల వివక్ష ఉండకూడదని 18వ సెక్షన్‌లో పేరు పెట్టి రాసింది.

కాబట్టి మొదటిసారి కౌన్సెలర్‌తో మాట్లాడినప్పుడు అడగండి: నాలాంటి నేపథ్యం ఉన్నవారితో పనిచేశారా? కులం గురించి, జాతి గురించి చెబితే వింటారా? జవాబు నచ్చకపోతే మరొకరి దగ్గరకు వెళ్లండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

[తెర మీద: మానసిక సహాయానికి ఫోను: భారతదేశంలో టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అమెరికాలో 988.]