బ్యాటరీ మార్చే ముందు డైనమో చూడండి

[బానెట్ తెరిచిన కారు. పక్కన మల్టీమీటర్.]

నమస్తే అండీ. పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్‌టక్‌మని ఆగిపోతుంది. అందరం అనే మాట ఒకటే, "బ్యాటరీ పోయింది" అని. మా బాబాయ్ కూడా అలాగే అనుకుని కొత్త బ్యాటరీ వేయించారు. పది రోజులకు మళ్లీ అదే పరిస్థితి. బ్యాటరీ మంచిదే. దాన్ని ఛార్జ్ చేయాల్సిన ఆల్టర్నేటర్, మన మెకానిక్‌లు డైనమో అంటారే, అది పని చేయట్లేదు. ఆ డబ్బు మీకైనా మిగలాలని ఈ వీడియో చేస్తున్నాను.

మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఎర్ర వైరు ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇప్పుడు స్టార్ట్ చేయండి. 13.8 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి. 12 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్, అంటే వోల్టేజీని అదుపులో ఉంచే భాగం, పోయినట్టే. కొత్త మోడళ్లలో కొన్నిటికి కంప్యూటరే వోల్టేజీని పెంచి తగ్గిస్తుంది కాబట్టి, వాటిలో హెడ్‌లైట్లు వేసి కాసేపు గమనించాలి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పాత అలవాటు ఒకటుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ క్షణంలో వోల్టేజీ ఎగసిపడి ఇంజన్ కంప్యూటర్ కాలిపోవచ్చు.

ఈ బండిలో ఛార్జింగ్ లేదు. డైనమోని తిప్పే బెల్టు వదులుగా లేదు, వైర్లు గట్టిగానే ఉన్నాయి. ఇక డైనమో విప్పడమే. ముందు బ్యాటరీ మైనస్ తీసేయాలి. డైనమో వెనక లావు వైరు నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచే వస్తుంది. మైనస్ తీయకుండా దాని మీద పానా పెట్టారంటే, అది బాడీకి తగిలిన చోట నిప్పులు లేస్తాయి.

[దగ్గరి షాట్: అరచేతిలో రెండు కార్బన్లు]

చూడండి. ఇది కొత్త కార్బన్, అంటే తిరిగే రింగుకి ఆనుకుని కరెంటు అందించే బ్రష్. చిటికెన వేలి గోరంత పొడవు. ఇది ఈ బండిలోంచి తీసింది, బియ్యపు గింజంత మిగిలింది. వెనకున్న స్ప్రింగ్ ఎంత నెట్టినా ఇది రాగి రింగుని తాకట్లేదు. తాకకపోతే రోటర్‌కి, అంటే లోపల తిరిగే తీగ చుట్టకి, కరెంటు అందదు. కరెంటు లేనిదే అయస్కాంతం కాదు, అయస్కాంతం లేనిదే ఛార్జింగ్ పుట్టదు.

రింగుల మీద నల్లటి మసిని సన్నటి ఉప్పు కాగితంతో తుడిచాను. మీటర్‌ని ఓమ్స్ మీదకి మార్చి రెండు రింగుల మధ్య చూస్తే 3 ఓమ్స్. మామూలుగా 2 నుంచి 5 ఉంటుంది. అసలేమీ చూపించకపోతే రోటర్ వైండింగ్ తెగినట్టు. రింగుకీ షాఫ్ట్‌కీ మధ్య మాత్రం ఏమీ చూపించకూడదు. వైండింగ్ పోయినా, ఏసీని డీసీగా మార్చే డయోడ్లు పోయినా ఇంట్లో ప్రయత్నించకండి, వైండింగ్ షాపుకే ఇవ్వండి. బేరింగ్ చేత్తో తిప్పితే గరగరమనకూడదు.

కొత్త కార్బన్‌ని టంకం పెట్టేటప్పుడు నా చేయి చూడండి. టంకం కార్బన్ తోక వైరులోకి పాకకూడదు. పాకితే వైరు బిర్రబిగిసిపోయి, కార్బన్ కిందికి జారదు.

[మీటర్ దగ్గరి షాట్]

అన్నీ బిగించాం, మైనస్ చివర్లో పెట్టాం. స్టార్ట్.

12.4... 13.6... 14.2. బ్యాటరీ లైటు ఆరిపోయింది.