లేహ్‌లో మూడు రోజులు, నాలుగు గొంపాలు: నా లిస్ట్ ఎందుకు చింపేశానంటే

అందరికీ జూలే! లడఖ్‌లో నమస్తే అన్నా ఇదే, థాంక్స్ అన్నా ఇదే, వెళ్లొస్తా అన్నా ఇదే, ఈ ఒక్క ముక్క నోటికొస్తే చాలు అక్కడ ఎవరైనా నవ్వుతూ పలకరిస్తారు. సరే, ఈ వీడియోలో లేహ్ గొంపాల గురించి చెప్తా. గొంపా అంటే బౌద్ధ ఆశ్రమం, మాంక్స్ ఉండి చదువుకునే చోటు. నేను ఇంటి దగ్గర కూర్చుని రాసుకున్న లిస్ట్‌లో తొమ్మిది గొంపాలు ఉన్నాయి, చూసింది నాలుగు, అందులో ఒకటి రెండుసార్లు చూశా. ఇంకా తక్కువ చూసుంటే ఇంకా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ముందు ఆ ఎత్తు సంగతి చెప్పాలి, ఎందుకంటే నా లిస్ట్‌ని చింపింది అదే. లేహ్ ఊరు దాదాపు 3500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మన లెక్కలో పదకొండున్నర వేల అడుగులు. గాలిలో ఆక్సిజన్ శాతం ఇక్కడున్నట్టే ఉంటుంది కానీ ప్రెషర్ తక్కువ కాబట్టి ఒక్కో ఊపిరికి మనకి అందే ఆక్సిజన్ దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఢిల్లీలో ఫ్లైట్ ఎక్కి గంటన్నరలోపే అక్కడ దిగేస్తాం, ఆ తేడా ఒంటికి తెలిసేసరికి సాయంత్రం అవుద్ది. మొదటి రెండు రోజులు రెస్ట్ తీసుకోమని హోటల్‌లో చెప్పారు, చెప్పినా వినలేదు, దిగిన రోజు సాయంత్రమే శాంతి స్తూపం మెట్లు ఎక్కేశా. ఐదు వందలకి పైనే మెట్లు. ఆ స్తూపాన్ని జపాన్ భిక్షువు గ్యోమ్యో నకమురా ఆధ్వర్యంలో 1983లో మొదలుపెట్టి 1991కి పూర్తి చేశారు, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది, వ్యూ అదిరిపోద్ది, కానీ ఆ రాత్రి తల పగిలిపోయింది, అన్నం సహించలేదు, నిద్ర అసలు లేదు. పూర్తిగా నా తప్పే. ఎత్తు పడకపోతే వాడే డయామాక్స్ లాంటి మాత్రలు వేసుకోవాలనుకుంటే బయల్దేరకముందే డాక్టర్‌ని అడగండి, పక్క సీటాయన ఇచ్చాడని మాత్రం వేసుకోకండి. అలా రెండో రోజు మధ్యాహ్నం దాకా మంచం మీదే, ఐదు గొంపాలు అక్కడే ఎగిరిపోయాయి.

ఇక మెయిన్ మేటర్, తిక్సే గొంపా. లేహ్ నుంచి పంతొమ్మిది కిలోమీటర్లు. కొండ కింద నుంచి పైదాకా తెల్లగా మెట్లు మెట్లుగా పన్నెండు అంతస్తులు, టిబెట్ లాసాలో ఉన్న పొటాలా ప్యాలెస్‌లా ఉంటుందని అందరూ అంటారు. చాలామంది పగలు పదింటికి వెళ్లి మైత్రేయ బుద్ధుడి, అంటే ముందు ముందు రాబోయే బుద్ధుడి, విగ్రహం దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. రెండో రోజు మధ్యాహ్నం నేనూ అంతే చేశా. విగ్రహం 49 అడుగులు, 1970లో దలైలామా వచ్చిన గుర్తుగా కట్టింది, రెండంతస్తులు ఆక్రమించి ఉంటుంది, తమాషా ఏంటంటే మనం లోపలికి వెళ్లేది పై అంతస్తులోకి, అంటే గుమ్మం దాటగానే ఆ ముఖం మనకి ఎదురుగా వచ్చేస్తుంది, కాళ్లు చూడాలంటే కిందికి తొంగి చూడాలి. మన గుళ్లలో పాదాల దగ్గర నుంచి తలెత్తి చూడటం అలవాటు కదా, ఇక్కడ ఆ లెక్కే తిరగబడింది.

కానీ అసలు తిక్సే తెల్లారుజామున ఉంది. మూడో రోజు చీకటితోనే టాక్సీ కట్టించుకుని వెళ్లా. మిద్దె మీద ఇద్దరు మాంక్స్ బారెడు పొడుగు బూరలు ఊదుతున్నారు, ఆ శబ్దం చెవికంటే ముందు పొట్టలో వినిపిస్తుంది. తర్వాత దుఖాంగ్‌లో, అంటే ప్రార్థన హాల్లో, వరసలుగా కూర్చుని చదవడం మొదలుపెట్టారు, మనల్ని గోడ వారగా కూర్చోనిస్తారు. పెద్దాళ్లు కళ్లు మూసుకుని చదువుతుంటే చివరి వరసలో పిల్ల మాంక్స్ ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటున్నారు, మధ్యమధ్యలో కెటిల్ పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తేదీ వాళ్లే, నాకూ పోశారు, గుర్‌గుర్ చాయ్. వెన్న, ఉప్పు వేసి పొడుగాటి చెక్క గొట్టంలో చిలుకుతారు, ఆ చిలికే చప్పుడే దాని పేరు. టీ అనుకుంటే మొదటి గుక్కకే మొహం మారిపోద్ది, చారు అనుకుని తాగండి, రెండో కప్పు మీరే అడుగుతారు.

బయటికొచ్చాక ఒక కుర్ర మాంక్ హిందీలో ఎక్కడి నుంచి అని అడిగాడు, ఆంధ్రా అన్నా. వెంటనే "అమరావతి! కాలచక్ర!" అన్నాడు. వాళ్ల సంప్రదాయంలో బుద్ధుడు కాలచక్ర అనే తంత్ర దీక్ష బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే ఇప్పటి అమరావతిలోనే, అని చెప్పుకుంటారు, అందుకే దలైలామా 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర చేశారు, 2014లో లేహ్‌లోనూ చేశారు. ఇంత దూరమొచ్చి మా ఊరి పక్క ఊరు గురించి అతను చెప్తుంటే నేను తలూపుతూ నిలబడ్డా, అమరావతి స్తూపం నేను చూసింది ఒక్కసారే, అదీ స్కూల్ పిక్నిక్‌లో.

షే దారిలోనే వస్తుంది, పాత ప్యాలెస్, అందులోనే గొంపా, లోపల రాగి మీద బంగారు పూత ఉన్న పెద్ద శాక్యముని బుద్ధుడి విగ్రహం. అరగంట చాలు. హెమిస్ మాత్రం లేహ్‌కి నలభై ఐదు కిలోమీటర్లు, కొండల మధ్య దాక్కుని ఉంటుంది, దగ్గరికెళ్లేదాకా కనపడదు. మ్యూజియం బాగుంది, గొంపా కూడా చాలా పెద్దది, కానీ నేను వెళ్లింది సెప్టెంబర్ చివర్లో, ముసుగుల నాట్యాలుండే పండగ జూన్, జూలైలో వస్తుంది, ఖాళీ ప్రాంగణం చూస్తే పెళ్లయిపోయిన మర్నాడు పందిరి చూసినట్టుంది. పన్నెండేళ్లకోసారి బయటికి తీసే పెద్ద తంకా, అంటే గుడ్డ మీది బుద్ధ చిత్రం, 2016లో తీశారు, మళ్లీ 2028లోనే. టైం తక్కువుంటే హెమిస్ వదిలేయండి, ఇది నా అభిప్రాయం, కామెంట్స్‌లో తిట్టండి పర్లేదు.

స్పితుక్ ఎయిర్‌పోర్ట్ పక్కనే కాబట్టి వెళ్లే రోజు పెట్టుకున్నా. పైనున్న గుడిని మనోళ్లు కాళీ గుడి అంటారు, గొంపా వాళ్ల లెక్కలో లోపలున్న దేవుడు వజ్రభైరవుడు, ముఖం గుడ్డతో కప్పి ఉంటుంది, ఏడాదికోసారి గుస్టోర్ పండగకే తీస్తారు. కింద రన్‌వే మీద నేనెక్కాల్సిన ఫ్లైట్ దిగుతూ కనిపించింది, పరుగో పరుగు.

రెండు ముక్కలు మర్చిపోకముందే. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. టాక్సీలకి యూనియన్ రేట్ కార్డ్ ఉంటుంది, బేరం ఆడి టైం వేస్ట్ చేసుకోవద్దు. మణి గోడలు (మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన గోడలు), స్తూపాలు ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండేలా తిరగండి, మన ప్రదక్షిణ లాగే.

ఇంకోటి, తిక్సే ప్రార్థన వీడియో ఏదీ అని అడుగుతారని తెలుసు. కెమెరా ఆన్ చేసి గుమ్మం దాకా వెళ్లా, అక్కడ ఆపేసి జేబులో పెట్టుకున్నా. కాబట్టి మీకు ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్నది బయట విప్పిన చెప్పులు, ఆ చివర ఉన్న చిన్న జత కెటిల్ పట్టుకున్న పిల్లోడివి.