జీన్ రిపోర్టులో జీజేబీ2 అని వస్తే ఏడవాల్సిన పని లేదు

నమస్కారం అండి. బిడ్డకి వినపడట్లేదని తేలగానే మన ఇళ్లలో పడే మొదటి మాట ఏంటి? "మేనరికం చేసుకున్నారుగా, ఇంకేం." ఆ మాట ఎక్కువగా తగిలేది తల్లికే. అందులో కొంత నిజం ఉంది, కాదనను. మేనమామనో బావనో చేసుకుంటే, తాతల నుంచి వచ్చిన ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. కానీ ఏ చుట్టరికం లేని దంపతులకీ ఇలా పుడతారు. ఇద్దరికీ చక్కగా వినపడుతుంది, ఇద్దరి దగ్గరా జీన్‌లో ఒక్కో కాపీ చెడి ఉంటుంది. ఆ రెండు కాపీలూ బిడ్డకే వస్తే చెవుడు. ప్రతి కాన్పుకీ ఆ అవకాశం నాలుగింట ఒక వంతు.

తప్పెవరిదన్న పంచాయితీ పక్కన పెట్టి, చెవిలో ఎక్కడ చెడిందో అడగండి. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, పెడితే మాట ఎలా వస్తుందన్నది చాలావరకు దాని మీదే ఉంటుంది.

చెవుడు తెచ్చే జీన్లు వందకు పైనే ఉన్నాయి. వాటిలో బాగా ఎక్కువగా దొరికేది జీజేబీ2. దీని సంగతి 1997లో బయటపడింది. ఇది తయారుచేసేది కనెక్సిన్ 26 అనే ప్రోటీన్. లోపలి చెవిలో, అంటే కాక్లియాలో, ఒక కణం నుంచి పక్క కణానికి పొటాషియం లాంటివి దాటే దారి అది. అందులో మొత్తం 226 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ని కట్టే ముక్కలు, ఉండాలి. మన దేశంలో ఎక్కువగా కనిపించే లోపం డబ్ల్యూ24ఎక్స్‌లో 24వ చోటికి రాగానే తయారీ ఆగిపోతుంది. తమాషా ఏంటంటే, ఇదే లోపం ఐరోపాలో, స్లొవేకియాలోని రోమా అనే జాతి జనంలోనూ దొరికింది. వాళ్ల పూర్వీకులు వందల ఏళ్ల కిందట ఇక్కణ్ణుంచి వెళ్లినవాళ్లే మరి!

ఈ లోపంలో దెబ్బతినేది కాక్లియా. అక్కణ్ణుంచి మెదడుకి వెళ్లే నరం మామూలుగా బాగానే ఉంటుంది. ఇంప్లాంట్ చేసేదల్లా చెడిన కణాలను దాటేసి నరానికి నేరుగా కరెంటు అందించడం. అందుకే ఈ పిల్లలకి, చిన్నప్పుడే పెడితే, మాట సాధారణంగా బాగా వస్తుంది.

ఓటీఓఎఫ్ అనే జీన్ ఇంకో రకం, మోసం చేసే రకం. పుట్టగానే చేసే ఓఏఈ పరీక్షలో, అంటే చెవిలోని కణాలు శబ్దానికి స్పందిస్తున్నాయా అని చూసే పరీక్షలో, బిడ్డ పాసైపోవచ్చు. కణాలు పనిచేస్తుంటాయి, కబురు మాత్రం నరానికి చేరదు. శబ్దం నరం గుండా మెదడు దాకా చేరుతోందా అని చూసే బెరా టెస్టులో దొరుకుతుంది. రిపోర్టులో "ఆడిటరీ న్యూరోపతి" అని రాస్తే నరమే పాడైందని హడలిపోతారు. ఈ జీన్‌లో నరానికి ఢోకా లేదు, ఇంప్లాంట్ బాగా పనిచేస్తుంది. పైగా 2024 జనవరిలో చైనా డాక్టర్లు ఈ జీన్‌కి చేసిన చికిత్స ఫలితాలు ప్రచురించారు. ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి వచ్చింది.

అన్నీ ఇంత సులువు కాదు. ఛార్జ్ సిండ్రోమ్ అని, పుట్టుకతోనే చాలా అవయవాల్లో లోపాలుండే జబ్బులో నరమే సన్నగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. అందుకే ఆపరేషన్ ముందు ఎంఆర్ఐ. జెర్వెల్ లాంజ్ నీల్సన్ అనే సిండ్రోమ్‌లో చెవుడుతో పాటు గుండె లయ తప్పుతుంది, మత్తు ఇవ్వడమే ప్రమాదం. ఈసీజీ తీయకుండా ఒప్పుకోకండి. అషర్ అనే సిండ్రోమ్‌లో తర్వాత తర్వాత చూపు కూడా తగ్గుతుంది. పెదాలు చూసి అర్థం చేసుకునే దారీ మూసుకుపోతుంది కాబట్టి ఇంప్లాంట్ విషయంలో ఆలస్యం పనికిరాదు.

జీన్ ఎంత అనుకూలంగా ఉన్నా, మాట దానంతట అది రాదండి. కాక్లియాలో శబ్దాన్ని పట్టే దాదాపు 3,500 లోపలి వెంట్రుక కణాలు చేసే పని, ఒక రకం ఇంప్లాంట్‌లో 22 ఎలక్ట్రోడ్లు చెయ్యాలి. "అక్క", "అత్త" ఈ రెండిటికీ తేడా మధ్యలో హల్లు ఒక్కటే. ఆ తేడా పట్టడం మెదడు నేర్చుకోవాలి, నెలల తరబడి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఉచితంగా అయిపోతుంది. ఆ తర్వాత వారం వారం థెరపీకి బస్సెక్కి పట్నం రావడం, కూలి పోగొట్టుకోవడం, ఇంప్లాంట్ కేబుల్ తెగితే కొత్తది కొనుక్కోవడం, నా లెక్కలో కుటుంబాలు అలిసిపోయేది ఇక్కడే. నన్నడిగితే థెరపీ ఊరికి దగ్గరగా రావాలి. ఇంట్లో మాత్రం మీ తెలుగులోనే ఎడతెగకుండా మాట్లాడండి.

ఇంకొకటి. ఇంట్లో ఒక బిడ్డకి చెవుడుంటే, తర్వాత పుట్టే బిడ్డ ఓఏఈ పాసైనా సరే, మూడు నెలల్లోపు బెరా చేయించండి.