సకినాల మూకుడు ఎప్పుడు అంటుకుంటుంది?

(దృశ్యం: హన్మకొండలో ఒక ఇంటి వాకిలి. పరిచిన బట్ట మీద సకినాలు ఆరుతున్నాయి. పక్కనే నేల మీద గ్యాస్ పొయ్యి, పెద్ద మూకుడు.)

సంక్రాంతి దగ్గరపడితే వరంగల్‌లో ఏ గల్లీలోకి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. బిడ్డకు పంపాలి, వియ్యాలవారికి పంపాలి, ఇంట్లో పిల్లలకు ఉండాలి. పిండి కిలోల లెక్కన కలుపుతారు. పొద్దున వెలిగించిన పొయ్యి సాయంత్రం దాకా ఆరదు.

అగ్గి భయం అనగానే అందరూ సిలిండర్ వైపు చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది మూకుడు. అదీ సకినాలు కాలుతున్నప్పుడు కాదు, వాయికీ వాయికీ మధ్య.

(దృశ్యం: నూనెలో సకినాలు, చుట్టూ బుడగలు.)

ఈ బుడగలన్నీ సకినాల్లోని తడి ఆవిరై పోవడమే. ఆ తడి నూనె వేడిని లాగేసుకుంటుంది. అందుకే వేడి 170, 190 డిగ్రీల మధ్య అదుపులో ఉంటుంది. ఇప్పుడు వాయి తీసేశారు. తర్వాతివి ఇంకా ఆరలేదు. "కొంచెం ఆగు వదినె, తడిగున్నయ్" అని లోపలి నుంచి కేక. అంతలో ఫోన్ మోగింది, మూకుడు దగ్గరున్నావిడ లేచింది. మంట మాత్రం పెద్దగానే ఉంది.

ఇక వేడిని లాగేది ఏమీ లేదు. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె సుమారు 230 డిగ్రీల దగ్గర పొగ వదులుతుంది. ఇంకా కాగుతూ పోతే, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకునే స్థితికి వస్తుంది. పైగా పొద్దుటి నుంచి కాగిన నూనె, అడుగున మాడిన నువ్వులు, పిండి రవ్వలు ఉన్న నూనె తాజా నూనె కంటే తొందరగా పొగలు కక్కుతుంది. సన్నగా పొగ లేచిందంటే పొయ్యి ఆర్పేయడమే. లేచి వెళ్లాల్సి వచ్చినా అంతే. మళ్లీ వెలిగిస్తే పోయే గ్యాస్ ఎంతని!

(దృశ్యం: మూకుడు పక్కన పెద్ద ఇనుప మూత.)

మొదటి వాయి వేయకముందే ఈ మూత చేతికందే చోట ఉండాలి. చిల్లుల సిబ్బి పనికిరాదు. నూనె అంటుకుంటే, నాబ్ చేతికి అందితే కట్టేయండి. మూతను అంచు నుంచి మీదికి జరపండి. మీద నుంచి పడేస్తే నూనె చిందుతుంది. గాలి ఆడకపోతే మంట చస్తుంది. కానీ వెంటనే మూత తీసి చూడొద్దు, నూనె ఇంకా కాగే ఉంటుంది, మళ్లీ అంటుకుంటుంది. మూకుడు ఎత్తుకుని బయటికి పరుగెత్తడం అసలే వద్దు.

నీళ్లు పోస్తే ఏమవుతుంది? నూనె కంటే నీళ్లు బరువు, అడుగుకు దిగుతాయి. దిగీ దిగగానే దాదాపు 1,700 రెట్లు ఉబ్బి ఆవిరవుతాయి. మండుతున్న నూనెను తుంపరలుగా ఇంటి కప్పు దాకా ఎగజిమ్ముతాయి. పక్కనే ఉంది కదా అని బియ్యప్పిండి చల్లినా ప్రమాదమే, పిండి కూడా మండుతుంది. మంట మూతకు లొంగకపోతే అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

ఇక సిలిండర్. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పాకుతుంది. మనమేమో పొయ్యిని నేల మీదే పెడతాం. అందుకే సిలిండర్‌ను నిలబెట్టి, ట్యూబ్ లాగిపట్టకుండా వీలైనంత దూరంగా, తలుపులు తీసి ఉంచండి. పగుళ్లున్న ట్యూబ్‌తో పండుగ పని మొదలుపెట్టొద్దు. వాసన వస్తే స్విచ్‌ల జోలికి పోకుండా రెగ్యులేటర్ కట్టేసి బయటికి నడవండి. లీకు ఫిర్యాదుకు నంబర్ 1906.

సకినాలు ఆరబెట్టిన బట్ట, నూనె పీల్చడానికి పరిచిన పేపర్లు పొయ్యి దగ్గరికి జరుగుతూ వస్తాయి. గమనించండి. కొంగు నడుముకు చెక్కుకోండి.

ఊళ్లలో కట్టెల పొయ్యి పెట్టేవాళ్లకు ఇంకో మాట. ఈ రోజుల్లోనే ఎనుమాముల మార్కెట్‌కు పోవాల్సిన పత్తి చాలా ఇళ్లలో వరండాల్లో కుప్పగా ఉంటుంది. గాలికి ఒక్క నిప్పురవ్వ ఎగిరినా చాలు. పొయ్యిని ఇంటి వెనక్కి, గాలి పత్తి వైపు కొట్టని దిక్కుకు మార్చండి.

చేయి కాలితే గాజులు, ఉంగరాలు వెంటనే తీసేసి 20 నిమిషాలు నల్లా కింద పట్టండి. ఐస్, టూత్‌పేస్ట్, సిరా ఏవీ వద్దు. కాలిన చోటు అరచేతి కంటే పెద్దదైనా, ముఖం మీదైనా 108కి ఫోన్ చేయండి.