మెయిల్స్ తీసేసినా డేటాబేస్ ఎందుకు తగ్గదు? ఎక్స్ఛేంజ్ మెయింటెనెన్స్‌లో అసలు పని ఏది?

[స్క్రీన్: ఈడీబీ ఫైల్ ప్రాపర్టీస్. సైజు 300 జీబీ]

"ఆఫీసులో అందరి చేతా పాత మెయిల్స్ తీయించాం. అయినా మెయిల్స్ అన్నీ దాచే డేటాబేస్, అదే ఈడీబీ ఫైల్, ఒక్క ఎంబీ కూడా తగ్గలేదు. ఈ శనివారం రాత్రి ఈఎస్ఈయుటిల్ స్లాష్ డి కొట్టేద్దామా?"

వద్దండీ. స్లాష్ డి అంటే డీఫ్రాగ్, డేటాబేస్‌ను తిరగరాసి కుదించే కమాండ్. ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చినా జవాబు అదే. మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్‌ను చూసుకునేవాళ్లలో చాలామందికి మెయింటెనెన్స్ అంటే డీఫ్రాగ్ అనే గుర్తు. అది ఎందుకు కాదో, రోజూ నిజంగా చూడాల్సింది ఏమిటో ఈ వీడియోలో చెప్తాను.

లెక్కలు రాసేవాళ్ల దగ్గర రెండు పుస్తకాలుంటాయి. జరిగింది జరిగినట్టు వరసగా గబగబా రాసేది చిట్టా. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతా కింద వాళ్లది ఎక్కించేది ఆవర్జా. ఎక్స్ఛేంజ్‌లో లాగ్ ఫైళ్లు చిట్టా, ఈడీబీ ఫైల్ ఆవర్జా. వీడియో అయ్యేదాకా ఈ రెండు పుస్తకాలనీ వదలను, ఓపిక పట్టండి.

మెయిల్ వచ్చినా, తీసేసినా, చదివినట్టు గుర్తు పడినా ముందు చిట్టాలోకే వెళ్తుంది. చిట్టాలో ఒక్కో ఫైల్ సరిగ్గా 1 ఎంబీ. 2003 వెర్షన్ దాకా 5 ఎంబీ ఉండేది, 2007 నుంచి ఒకటి చేశారు. ఆ తర్వాత వీలు చూసుకుని ఆవర్జాలో ఎక్కిస్తుంది. ఆవర్జాలో పేజీ సైజు 2010 నుంచి 32 కేబీ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆవర్జాలో ఒక పేజీ కొట్టేస్తే పుస్తకం పలచబడుతుందా? పడదు. పేజీ ఖాళీ అవుతుంది, రేపొచ్చే లెక్క అందులో రాసుకుంటారు. దాన్నే వైట్ స్పేస్ అంటున్నాం. అది వృథా పోయిన చోటు కాదు. కొత్త మెయిల్స్ ముందు అక్కడికే వెళ్తాయి, అది నిండాకే ఫైల్ పెరుగుతుంది.

[స్క్రీన్: గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్, స్టేటస్ స్విచ్‌తో]

ఎంత ఖాళీ ఉందో ఈ కమాండ్ చెప్తుంది. స్టేటస్ స్విచ్ మర్చిపోతే ఆ గడి ఖాళీగా వస్తుంది, కంగారు పడకండి. 'అవైలబుల్ న్యూ మెయిల్‌బాక్స్ స్పేస్' అన్న చోట 45 జీబీ ఉందనుకుందాం. ఇది పూర్తిగా ఖాళీ అయిన పేజీల లెక్క మాత్రమే. సగం నిండిన పేజీల్లో మిగిలిన చోటు ఇందులో కలవదు.

"ఇవాళే 10 జీబీ తీశాం, ఇందులో కనపడట్లేదే?" కనపడదు. డిలీటెడ్ ఐటమ్స్ ఖాళీ చేసినా మెయిల్ రికవరబుల్ ఐటమ్స్ అనే దాగిన ఫోల్డర్‌లో మామూలుగా 14 రోజులు ఉంటుంది. మెయిల్‌బాక్స్ మొత్తం తీసేస్తే 30 రోజులు. ఆ గడువు దాటాకే పేజీ ఖాళీ అవుతుంది. కోర్టు అవసరాల కోసం మెయిల్స్ పోకుండా ఆపే లిటిగేషన్ హోల్డ్ పెట్టి ఉంటే గడువు దాటినా కదలదు. అంటే ఇవాళ తీయించి రేపు సైజు చూడటం ఇల్లు అలకగానే పండగ అనుకోవడం లాంటిది.

ఇక స్లాష్ డి సంగతి. అదేం చేస్తుందంటే, పని మొత్తం ఆపి, కొత్త పుస్తకం కొని, ఖాళీ పేజీలు వదిలేసి ఆవర్జానంతా తిరగరాస్తుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండాలి కాబట్టి కొత్తదానికి చోటు కావాలి: మిగిలే సైజుకు ఇంకో 10 శాతం కలిపి. మన ఉదాహరణలో 300లో 45 పోతే 255, దానికి 10 శాతం కలిపితే దాదాపు 280 జీబీ.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. 45 జీబీ కోసం 280 జీబీ ఖాళీ చూపించాలి. అంత చోటు మీ దగ్గరుంటే అసలు మీకు చోటు సమస్యే లేదు కదా! స్లాష్ టి ఇచ్చి తాత్కాలిక ఫైల్‌ను వేరే డ్రైవ్‌కు పంపొచ్చు, నిజమే. కానీ డేటాబేస్ డిస్‌మౌంట్ అయి, అంటే వాడకం నుంచి ఆపేసి ఉన్నంతసేపూ అందులో ఉన్నవాళ్లెవరికీ మెయిల్ ఉండదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

పైగా ఇంకో చిక్కుంది. కొత్త పుస్తకానికి కొత్త సిగ్నేచర్, అంటే కొత్త గుర్తింపు వస్తుంది. పాత చిట్టాలో "ఫలానా పేజీలో ఎక్కించు" అని రాసింది పాత పుస్తకం పేజీ నంబర్లతో. అవి దీనికి పనికిరావు. అంటే నిన్నటి బ్యాకప్ తీసి, దాని మీద లాగ్‌లు ఎక్కించి ఇవాళ్టిదాకా రావడం కుదరదు. డీఫ్రాగ్ అయిన వెంటనే ఫుల్ బ్యాకప్ తీయాలి. డాగ్, అంటే ఒకే డేటాబేస్ కాపీలు వేర్వేరు సర్వర్లలో ఉంచే ఏర్పాటు ఉంటే, మిగతా కాపీలన్నీ మళ్లీ సీడ్ చేయాలి, అంటే మొదటి నుంచి కాపీ చేయాలి.

పేజీలు సర్దే పని 2010 నుంచి ఎక్స్ఛేంజ్ తనంతట తాను 24 గంటలూ వెనకాల చేసుకుంటూనే ఉంటుంది. పాత వెర్షన్లలో అర్ధరాత్రి దాటాక షెడ్యూల్ పెట్టి, అది బ్యాకప్ టైమ్‌తో ఢీకొనకుండా చూసుకోవాల్సి వచ్చేది. ఆ అలవాటే ఇప్పటికీ పోలేదు.

మరి ఫైల్ నిజంగానే తగ్గించాలంటే? కొత్త డేటాబేస్ సృష్టించి, న్యూ-మూవ్‌రిక్వెస్ట్‌తో మెయిల్‌బాక్స్‌లు అందులోకి మార్చి, పాతది తీసేయండి. మార్పు జరుగుతున్నంతసేపూ జనం పని చేసుకుంటూనే ఉంటారు. చివర్లో ఔట్‌లుక్ ఒకసారి మూసి తెరవమని అడగొచ్చు, అంతే. రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్తాను. 255 జీబీ మారిస్తే కొత్త డేటాబేస్ చిట్టా కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. అందుకే విడతలుగా మార్చండి, మధ్యలో బ్యాకప్ తీసి లాగ్‌లు తగ్గించండి. రెండోది, పాత డేటాబేస్ తీసేముందు యూజర్లవే కాదు, ఆర్కైవ్ మెయిల్‌బాక్స్‌లు, ఎక్స్ఛేంజ్ తన సొంత పనులకు పెట్టుకునే ఆర్బిట్రేషన్, ఆడిట్ లాగ్ మెయిల్‌బాక్స్‌లు కూడా అందులో ఉన్నాయేమో వెతకండి. తీయనివ్వకుండా మొండికేసిందంటే దాదాపుగా కారణం అదే.

కొందర్నే మార్చి పాతది ఉంచుకుంటే వైట్ స్పేస్ వెంటనే కనపడదు. మారిన మెయిల్‌బాక్స్ పాత కాపీ సాఫ్ట్ డిలీటెడ్‌గా ఆ 30 రోజులూ అక్కడే ఉంటుంది.

[స్క్రీన్: లాగ్ డ్రైవ్, ఎర్ర గీత]

ఇప్పుడు అసలైన ప్రమాదం. సర్వర్లను పడుకోబెట్టేది ఆవర్జా లావు కాదు, చిట్టా పేరుకుపోవడం. ఫుల్ లేదా ఇంక్రిమెంటల్ బ్యాకప్ సక్రమంగా పూర్తయితేనే ఎక్స్ఛేంజ్ పాత లాగ్‌లు తీసేస్తుంది. బ్యాకప్ నాలుగు రోజులుగా ఫెయిలవుతోంది, ఎవరూ చూడలేదు, డ్రైవ్ నిండింది, డేటాబేస్ డిస్‌మౌంట్ అయింది. అప్పుడు ఎవరో ఒకరు కంట్రోల్ ఏ, డిలీట్ కొడతారు.

అక్కడే కొంప మునుగుతుంది. ఇంకా ఆవర్జాలో ఎక్కని లెక్కలు ఆ చిట్టాలోనే ఉన్నాయి. ముందు డిస్క్ పెంచడానికి చూడండి, లేదా బ్యాకప్ బాగుచేసి నడపండి. రెండూ కుదరని పరిస్థితి అయితే, డాగ్ లేని సర్వర్‌లో మాత్రమే, ఈఎస్ఈయుటిల్ స్లాష్ ఎంకేతో చెక్‌పాయింట్ ఫైల్ చదవండి. ఎంతవరకు ఎక్కించారో అది చెప్తుంది. దానికన్నా పాత ఫైళ్లను వేరే డ్రైవ్‌కు తరలించండి. తరలించండి అన్నాను, తీసేయమనలేదు. మౌంట్ అయ్యాక వెంటనే ఫుల్ బ్యాకప్.

బ్యాకప్ బాగానే ఉన్నా లాగ్‌లు ఉన్నట్టుండి ఉబ్బుతుంటే గెట్-స్టోర్‌యూసేజ్‌స్టాటిస్టిక్స్ చూడండి. ఏ మెయిల్‌బాక్స్ సర్వర్‌ను ఎక్కువ వాడుతోందో తెలుస్తుంది. చాలాసార్లు ఏదో ఒక ఫోన్ ఒకే మీటింగ్‌ను పదేపదే సింక్ చేస్తూ దొరుకుతుంది.

[స్క్రీన్: ఈఎస్ఈయుటిల్ స్లాష్ ఎంహెచ్ అవుట్‌పుట్, రెండు లైన్లు పెద్దవి చేసి]

డేటాబేస్ మౌంట్ కాకపోతే దాని స్థితి చెప్పే కమాండ్ ఇది, దగ్గరగా చూద్దాం. "స్టేట్: డర్టీ షట్‌డౌన్." ఈ డర్టీ అన్న మాట చూసి డేటాబేస్ పాడైందనుకుంటారు. కాదు. చిట్టాలోది ఆవర్జాలోకి పూర్తిగా ఎక్కకముందే పుస్తకం మూసేశారని అర్థం, అంతే. కింద లైన్ చూడండి: "లాగ్ రిక్వైర్డ్: 4771-4775." పక్కన బ్రాకెట్లో అదే హెక్సాడెసిమల్‌లో, 12ఎ3 నుంచి 12ఎ7. లాగ్ ఫైళ్ల పేర్లలో ఉండేది ఈ రెండో రకం అంకెలే. కాబట్టి పేరు 12ఎ3తో ముగిసే ఫైల్ నుంచి 12ఎ7 దాకా, 5 ఫైళ్లు ఫోల్డర్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఆఖరిది కనపడకపోతే బెంబేలెత్తొద్దు, వాడుకలో ఉన్న లాగ్‌కు ఇంకా నంబర్ పడదు, ఈ00.లాగ్ అనే పేరుతోనే ఉంటుంది. అన్నీ ఉంటే మామూలుగా మౌంట్ చేయండి, మిగతాది అదే ఎక్కించుకుంటుంది.

లేకపోతే బ్యాకప్ నుంచి రిస్టోర్. స్లాష్ పి గురించి ఎవరైనా చెప్తే చెవిన పెట్టుకోకండి. అది రిపేర్ పేరుతో చదవలేని పేజీలను చింపేస్తుంది. ఏ పేజీలో ఎవరి మెయిల్ ఉందో దానికి పట్టదు. బ్యాకప్ అస్సలు లేనప్పుడు మాత్రమే, అదీ ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని. మౌంట్ అయినా దాంట్లో నమ్మకంగా ఉండలేం, మెయిల్‌బాక్స్‌లన్నీ వేరే డేటాబేస్‌కు ఖాళీ చేయాల్సిందే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

రోజూ: లాస్ట్ ఫుల్ బ్యాకప్ తేదీ, లాగ్ డ్రైవ్‌లో ఖాళీ. ఈ రెండూ చూడటానికి రెండు నిమిషాలు.

వారానికోసారి: అప్లికేషన్ లాగ్‌లో ఈవెంట్ 474, మైనస్ 1018 ఎర్రర్. పేజీ చెక్‌సమ్, అంటే పేజీ చెడిందా లేదా చూసే లెక్క, తప్పిందని అర్థం. తప్పు ఎక్కువగా డిస్కుదీ కంట్రోలర్‌దీ అయి ఉంటుంది, ఎక్స్ఛేంజ్‌ది కాదు. హార్డ్‌వేర్ వాళ్లను పిలవండి, ఈలోపు మెయిల్‌బాక్స్‌లు అక్కణ్ణుంచి తరలించండి.

ఒకే యూజర్‌కు ఫోల్డర్ లెక్కలు తప్పుగా వస్తే న్యూ-మెయిల్‌బాక్స్‌రిపేర్‌రిక్వెస్ట్. ఇదే పని చేసే పాత టూల్ ఐసింటెగ్ వెతక్కండి, అది పోయింది.

యాంటీవైరస్ ఈడీబీ, లాగ్ ఫోల్డర్ల జోలికి రాకుండా మినహాయింపు పెట్టండి. అది ఒక్క లాగ్‌ను క్వారంటైన్‌లో పెడితే చిట్టాలో మధ్య పేజీ పోయినట్టే. బ్యాకప్ కోసం ఆగకుండా పాత లాగ్‌లు తీసేసే సర్క్యులర్ లాగింగ్ చోటు మిగులుస్తుంది కానీ ఒంటరి సర్వర్‌లో అది ఆన్ చేస్తే ఆఖరి బ్యాకప్ తర్వాత వచ్చిందంతా పణంగా పెట్టినట్టు.

నెలకోసారి బ్యాకప్‌ను రికవరీ డేటాబేస్‌లోకి రిస్టోర్ చేసి, మౌంట్ చేసి, ఒక మెయిల్‌బాక్స్ బయటికి తీసి చూడండి.

కమాండ్లన్నీ కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. కాపీ చేశాక డేటాబేస్ పేరు మీది పెట్టుకోండి, నాది కాదు.